ఐదు మూలల బండ

ముప్పై ఏండ్లు తాడిపత్రి బండలు పరిచినోణ్ని.
మోకాళ్ళు అరిగినాక
అనంతపురం యూనివర్సిటీ ల్యాబులో
రాత్రిపూట కొలిమి కాపలాకు కుదిరినా.
కొలిమంటే తిత్తి లేదు, బొగ్గు లేదు.
ఒక గొట్టం, దాని సుట్టూ తీగ.
లోపల గాలి గూడా ఉండకూడదంట.

మాబున్నీ గోరంత పలక మీద
అల్యూమినియం ఒక పొర పోసింది,
దాని మీద రాగి, దాని మీద ఇనుము.
మూడూ కలిపినా
తలవెంట్రుకలో రెండు వందలో పాలు.
"కంటికి ఆనందానికి కాపలానా పాపా?" అంటే
నవ్వింది.
"ఆ అంకె సూడన్నా, కరెంటు పోతే ఫోన్ చెయ్."

మూడు వందల డిగ్రీల కాడ
రాగి అల్యూమినియంలోకి ఇంకుతాదంట,
బడిలో ప్రార్థనకు నిలబడినట్ల సక్కని వరసలు.
ఇనుము మాత్రం
అలిగిన అల్లుని మాదిరి గడప కాడే.
ఇంకొంచెం కాగితే అదీ దిగుతాది.
అప్పుడు వేరే వరస, కానీ వరసే.
నేను పరిచిన పెండ్లి హాళ్ళ మాదిరి:
మొదటి బండ సూస్తే సాలు,
ఆఖరి బండ యాడ పడతాదో చెప్పొచ్చు.

ఆరు వందల కాడ
ఆ వరసలన్నీ ఇడిసిపెడతాయి.
కరగవు. అదే ఇడ్డూరం.
గట్టిగా ఉండే లోహంలోనే
ఒకటొకటీ జరిగి జరిగి
ఐదు మూలలుగా కూసుంటాయి.

"ఐదా?" అన్నా.
"ఐదు మూలల బండ నేలకు పట్టదు పాపా.
ఎల్లనూరులో ఒకాయన పువ్వు మాదిరి కావాలంటే
కోసి పెట్టినా.
మూడు బండలు కలిసే కాడ సందు పడె.
ఆ సందులో తేలు చేరె."

ఆ పిల్ల ఒక ఫోటో తెచ్చింది.
నల్లని కాయితం, తెల్ల సుక్కలు.
నడుమ ఒకటి, సుట్టూ పది, ఆవల ఇంకో పది.
పాత అలవాటు, దారం పెట్టి కొలిచినా.
ఒకటి, దానికి ఒకటిన్నర మీద రవ్వంత,
దానికి మళ్ళీ అంతే.
"సందు లేదన్నా. క్రమం ఉంది.
వచ్చిన నమూనానే మళ్ళీ మళ్ళీ రాదు, అంతే."
కాయితం వెనకాల రెండు బండలు గీసింది,
రెండూ ఏటవాలువి,
ఒకటి లావు, ఒకటి బక్క.
"వీటితో పరిచి సూడు."

ఆదివారం ఇంటెనక జాలాడిలో మొదలుపెట్టినా.
పారేసిన ముక్కలు కోసి, అంచులు రుద్ది,
లావుది, బక్కది, లావుది, లావుది.
సుంకమ్మ కడవ పట్టుకోని నిలబడి
"యాడ మొదలైంది, యాడికి పోతాంది ఇది?" అనె.
చెప్పలేకపోయినా. బాగుందని మాత్రం తెలుస్తాంది.
నలభై మూడో బండ కాడ ఆగిపోయినా.
లావుది పట్టదు. బక్కది పట్టదు.
తప్పు ఈడ కాదు,
వెనకాల యాడో, ఎప్పుడో పడింది.
సిమెంటు బిగిసిపోయింది.

సోమవారం అడిగినా.
"నాకు కండ్లున్నాయి, దారముంది, ముప్పై ఏండ్ల పని ఉంది.
అణువుకు ఏముంది పాపా?
దూరాన పడిన తప్పు దానికెట్ల తెలుస్తాది?"
టీ గ్లాసు సల్లారిందాకా ఏమీ అనలేదు.
"తెలీదన్నా దానికి.
వేడి ఉన్నంతసేపు తప్పుగా కూసుంటాది, లేస్తాది,
మళ్ళీ కూసుంటాది.
అందుకే నాలుగు గంటలు కాచేది."
కాసేపటికి మళ్ళీ అనింది:
"అంతా నాకూ తెలీదు."

నా సిమెంటుకు అంత ఓపిక యాడిది.

ఈ రాత్రి రెండుంబావుకు కరెంటు పోయింది.
బ్యాటరీ మీద అంకె ఒకటే బతికుంది:
ఐదువందల తొంభై. డెబ్భై. నలభై.
సీకట్లో గొట్టం ఎరుపు
ఆరబోయే బీడీ మాదిరి సన్నబడతాంది.
ఫోన్ సేతిలో ఉంది, అవతల మోగుతాంది.
లోపల
ఎన్ని లేచి నిలబడినాయో ఈ నిమిషంలో,
కూసునే సోటు ఇంకా దొరక్క.